నల్లమడుగు పిలుపు

ఎండలు ముదిరి వాగు ఇంకిపోయాక ఆ అడవికి నల్లమడుగు ఒక్కటే మిగిలింది. దాని గట్టున నక్క కాపు కాసి, వచ్చినవాళ్లందరికీ ఒకటే చెప్పేది. మడుగులో మునిగి చచ్చిన తోడేలు ఇంకా అడుగునే ఉందట. గుక్కెడు నీళ్లు తాగినా చాలు, మిట్టమధ్యాహ్నం పేరు పెట్టి పిలుస్తుందట. పలికినవాళ్లు తిరిగి రారట.

చుక్కి అనే ఆడ దుప్పి ఆ మాట నమ్మింది. మూడు రోజులు ఆకులు నమిలి గడిపింది. నాలుక అంగిటికి అంటుకుపోయింది, మూత్రం పచ్చగా మండుతూ వచ్చేది. ఈలోగా రెండు కుందేళ్లు మాయమయ్యాయి. తోడేలే పట్టుకుపోయిందని నక్క కళ్లు తుడుచుకుంది. దాని పొట్ట మాత్రం నిండుగానే ఉంది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆకు కదల్లేదు. రాళ్ల మధ్య నుంచి ఎవరో "చుక్కీ" అన్నారు. ఎప్పుడో చనిపోయిన తల్లి గొంతు అది. నేను చుక్క నీరైనా ముట్టలేదే, నన్నెందుకు పిలుస్తున్నట్టు అనుకుంది చుక్కి. ఆ గొంతుకు దూరంగా, తూలుతూ మడుగు అవతలి గట్టుకు నడిచింది. పిలుపు మాత్రం చెవుల్లో మోగుతూనే ఉంది. వెనక అడుగుల చప్పుడు. తను ఆగితే అదీ ఆగుతోంది.

గట్టున కూలబడగానే ఎదురుగా బురద పైకి లేచింది. అందులో రెండు కళ్లు తెరుచుకున్నాయి. తోడేలేననుకుని చుక్కి ఊపిరి బిగపట్టింది.

"కళ్లు గుంటలు పడ్డాయేమే? ముందు నీళ్లు తాగు," అంది బురద.

అది కర్రెమ్మ. మడుగులోని జమ్ముగడ్డి దాటి బయటికి రాని ముసలి అడవిగేదె.

చుక్కి తోడేలు సంగతి చెప్పింది. పుట్టిన దగ్గర్నుంచీ ఈ నీళ్లే తాగుతున్నానని, ఒక్కనాడూ తననెవరూ పిలవలేదని కర్రెమ్మ చెప్పింది. చుక్కి కళ్లు మూసుకుని కొంచెం కొంచెంగా తాగింది. కాసేపటికి తల తిరగడం తగ్గింది. తల్లి గొంతు సన్నగిల్లి ఆగిపోయింది.

"మరి నన్ను పిలిచిందెవరు పెద్దమ్మా?"

"నీళ్లు లేక ఎండిన నీ ఒళ్లే."

పొదలో నక్క తోక కనబడింది. తన వెనక వినబడ్డ అడుగులు ఎవరివో చుక్కికి తెలిసిపోయింది. కర్రెమ్మ చప్పుడు లేకుండా బురదలోకి దిగింది. చుక్కి చచ్చినట్టు మెడ వాల్చేసి పడుకుంది. నక్క వచ్చి గొంతు వాసన చూసి నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే దాని వెనక బురద లేచి నిలబడింది. తను కల్పించిన తోడేలే వచ్చిందనుకుని నక్క కొయ్యబారిపోయింది. కొమ్ము దెబ్బకు ఎగిరి రాళ్ల మీద పడి, కుంటుకుంటూ అడవి దాటిపోయింది.

చుక్కి తాగడం చూసి, ఆ సాయంత్రం జంతువులన్నీ మడుగు చుట్టూ చేరి కడుపునిండా తాగాయి.

నీళ్లు తాగకుండా ఒంటిని ఎండబెట్టుకున్నవాడికి లేని దయ్యాలూ కనబడతాయి, ఉన్న శత్రువు కనబడడు.