మందు కొట్టని మడి

రైతులు వచ్చే రోజు దగ్గరపడేకొద్దీ చెన్నమల్లప్పకు అన్నం సయించడం మానేసింది.

మఠం గోధుమ చేలో కలుపు పడింది. గడ్డి కాదు, వెడల్పాకు కలుపు. పప్పుకూర ఒకటి, కాడలకు చుట్టుకునే తీగ ఒకటి. పప్పుకూర తినడానికి ఎంత బాగుంటుందో చేలో అంత చేటు. ఆ మాటకొస్తే దాన్ని పెసరపప్పుతో వండాలా, కందిపప్పుతోనా అని మఠం వంటశాలలో ఏటా ఓ తగాదా నడిచేది. అది వేరే సంగతి.

గురువు గురుపాదయ్య అయ్యవారు ఆ ఏడు ఊరికంటే ఇరవై రోజులు ముందే గోధుమ చల్లించారు. మూడు మడులు కట్టించారు. ఒకదానికి ఒక మందు, రెండోదానికి ఇంకో మందు, మూడోదానికి ఏదీ లేదు. అవి చూసి, తమ చేలకు ఏది కొట్టాలో రైతులు తేల్చుకోవాలి. వాళ్లకు వారమే గడువు. ఆపైన కలుపు ముదిరితే ఏ మందుకూ లొంగదు.

మొదటి మందు పప్పుకూరను చంపి తీగను వదిలేసింది. రెండోది రెంటినీ మాడ్చింది గానీ గోధుమ ఆకుల మీదా మచ్చలు తెచ్చింది. మూడో మడిలో కలుపు మధ్య గోధుమను వెతుక్కోవాలి. చెన్నమల్లప్ప వ్యవసాయ డిప్లొమా చదివినవాడు, మఠం సేద్యమంతా అతని చేతిమీదే. ఆ మడిని చూసి నలుగురూ ఏమనుకుంటారోనని అతనికి బెంగ పట్టుకుంది.

రైతులు వచ్చే రోజు పొద్దున్నే, ఎవరూ లేవకముందే, మూడో మడిలో కలుపంతా పీకేశాడు. లేత పప్పుకూర వంటశాలకిచ్చి, మిగతాది పెంటకుప్ప మీద పోశాడు.

భోజనాల దగ్గర అయ్యవారు ముద్ద నోటిదాకా తెచ్చి ఆగారు.

"ఈ కూర ఏ మడిదిరా?"

చెన్నమల్లప్ప హడలిపోయాడు. "మందు కొట్టింది కాదయ్యా! మూడో మడిది."

"లేతగా ఉంది," అని అయ్యవారు తినేశారు. చెయ్యి కడుక్కుని చేను వైపు వెళ్లారు.

మధ్యాహ్నం రైతులు గట్టు మీద నిలబడ్డారు. అందరిలో పెద్దవాడు మాణిక్ రెడ్డి మూడో మడి చూసి నవ్వాడు.

"ఏందయ్యా చెన్నమల్లప్పా! ఏ మందూ కొట్టని మడే అన్నిట్ల శుభ్రంగున్నది. ఇగ మందులెందుకు మాకు? నడువుండ్రి, పోదాం."

ఒకరిద్దరు గట్టు దిగారు. చెబితే చెన్నమల్లప్ప పరువు పోతుంది. చెప్పకపోతే ఊరి గోధుమంతా కలుపు పాలవుతుంది.

అయ్యవారి కోసం చూశాడు. ఆయన పెంటకుప్ప వైపు నుంచి గంప నెత్తిన పెట్టుకుని వస్తున్నారు. డెబ్బై దాటిన మనిషి. మూడో మడిలోకి దిగి, గొంతుకూర్చుని, వడిలిపోయిన కలుపు మొక్కల్ని ఒక్కొక్కటే తీసి మట్టిలో గుచ్చసాగారు.

"అయ్యవారికేమైందిర?" అన్నారెవరో. "గవి మళ్ల బతుకుతయా?"

అయ్యవారు ఇంకో మొక్క గుచ్చారు.

చెన్నమల్లప్ప కాళ్లు వాటంతటవే మడిలోకి నడిచాయి. "పొద్దున నేనే పీకేశాను," అన్నాడు. "మీరందరూ వస్తారని... నామోషీ అనిపించి." గంపలోంచి గుప్పెడు కలుపు తీసుకుని గురువు పక్కన కూలబడ్డాడు.

దిగినవాళ్లు మళ్లీ గట్టెక్కారు. మాణిక్ రెడ్డి నవ్వు మానేసి మొదటి మడి దగ్గరికి వెళ్లాడు. వంగి, మిగిలిన తీగల్ని చేత్తో లాగి చూడసాగాడు.

చెన్నమల్లప్ప జానెడు ఎడంలో ఒక్కో మొక్క గుచ్చుతున్నాడు.

"దగ్గరదగ్గరగా గుచ్చు, చెన్నమల్లా," అన్నారు అయ్యవారు. "ఇంకా ఒత్తుగా ఉండేది."