ఏడో ఇంటి పొగ

అనగా అనగా, మీ తాత తాతకి ఇంకా పళ్లు రాని రోజుల్లో, ఒక రాజు ఉండేవాడు. రాజన్నాక రాజ్యం ఉంటుంది, రాజ్యమన్నాక దానికో కొస ఉంటుంది. ఆ కొసన, కొండవాలులో, ఏడంటే ఏడే ఇళ్ల పల్లె ఒకటి. ఎంత చిన్నదంటే, ఒకింట్లో తుమ్మితే ఏడిళ్లవాళ్లూ "చిరంజీవ" అనేవాళ్లు.

ఆ పల్లెకొక కట్టుబాటు. పొద్దున్నే ఏడు కప్పుల మీంచీ పొయ్యి పొగ లేస్తేనే పెద్దవాళ్లు ముద్ద నోట పెట్టాలి. ఒకింట పొగ లేవలేదంటే గింజలు నిండుకున్నట్టు, లేదా ఒంట్లో బాగాలేనట్టు. వెంటనే ఎవరో ఒకరు ఇన్ని నిప్పులూ గుప్పెడు చోడిపిండీ పట్టుకుని వెళ్లేవారు. ఊరు దాటే పనిపడితే పొయ్యి ఇంకొకరికి అప్పగించి కదిలేవారు.

ఇదేం చాదస్తం అని నవ్వకండి. వెనకటి కరువులో ఒకింటివాళ్లు అడగడానికి సిగ్గుపడి, తలుపేసుకుని, ఆకలితో పోయారు. ఆ పూట మిగతా ఆరిళ్లూ తిన్నాయి. ఆనాటి ముద్ద ఇంకా మా గొంతులోనే ఉందని ఆ పల్లెవాళ్లు చెప్పుకునేవారు.

ఏడో ఇంట్లో పైడి ఒక్కతే ఉండేది. తల్లీ తండ్రీ లేని పిల్ల. ఆరిళ్ల అన్నమూ తిని పెరిగింది కాబట్టి ఆరిళ్లవాళ్లనీ ఆటపట్టించే హక్కు తనకే ఉందనుకునేది. ఒకనాటి తెల్లవారుజామున ఏడు సముద్రాల అవతలి మాంత్రికుడు కాలదంష్ట్రుడు సుడిగాలై వచ్చి పైడిని ఎత్తుకుపోయాడు. పొయ్యి అప్పగించే వ్యవధి కూడా ఆ పిల్లకి లేకపోయింది.

ఆ పొద్దు ఆరు పొగలే లేచాయి. మర్నాడూ ఆరే. పిల్లలకి మేకపాలు పట్టారు. పెద్దవాళ్లు నీళ్లు తాగి గడపల్లో కూచున్నారు.

ఈ వార్త రాజుగారికి చేరింది. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు మహా తెలివైనవాడు. ఆ మాట ఆయనే అందరికీ చెబుతుండేవాడు. గుర్రమెక్కి వచ్చి, భటులచేత పైడి ఇంట్లో ఇన్ని తడికట్టెలు వేయించి కొండంత పొగ లేపించాడు. ఇక తినండి అన్నాడు. ఊళ్లో ఎవ్వరూ లేవలేదు. అది భటుల పొగ బాబూ, పైడిది కాదు అన్నారు. నడిపివాడు దయగలవాడు. బళ్లకొద్దీ బూరెలూ గారెలూ తోలించాడు. అవి కాకులకి పండగయ్యాయి.

చిన్నవాడు మణిసేనుడు ఒట్టి చేతులతో వచ్చాడు. ఊరికి పెద్దదిక్కు గౌరవ్వ అప్పటికి మంచం మీంచి లేవలేకుండా ఉంది. ఆమె పక్కన నేలమీద కూచుని, ఆ పిల్ల ఎటుపోయింది అవ్వా అని అడిగాడు.

గౌరవ్వ అతని వైపు తిరిగింది. "ఇంతమంది వచ్చారు నాయనా. తినమన్నవాళ్లే గానీ, అది ఎక్కడుందని అడిగినవాడివి నువ్వొక్కడివే" అంది.

సుడిగాలి తూర్పుకి పోయిందని తెలుసుకుని మణిసేనుడు బయల్దేరాడు. నడిచి నడిచి మొదటి సముద్రం ఒడ్డుకి చేరాడు. అక్కడ రాతిమీద ఒక ముసలి డేగ, దాని రెక్కల కింద ఆకలికి అరుస్తున్న పిల్లలు. మణిసేనుడు మూటలోని రొట్టెలన్నీ తుంచి వాటికి పెట్టాడు. నీ డొక్క వీపుకంటుకుపోయింది, నువ్వెందుకు తినవని డేగ అడిగింది. అక్కడ ఊరు తినలేదు, నాకు గొంతు దిగడం లేదన్నాడు. ఆ సుడిగాలి ఎటు పోయిందో నాకు తెలుసంటూ డేగ వీపు వంచింది. రెక్క విసురుకొక సముద్రం చొప్పున ఏడు విసుర్లలో ఏడు సముద్రాలూ దాటించి, మాంత్రికుడి కోట మిద్దెమీద దింపింది.

ఆ మిద్దెమీదే పైడి కనిపించింది. చిక్కి శల్యమై ఉంది. ఆమె ముందు బంగారు పంజరం, అందులో ఒక చిలక. అది ఉత్త చిలక కాదు, కాలదంష్ట్రుడి ప్రాణం. అది అతని చేతి మేత ముట్టదు. అన్నం పెట్టే చెయ్యి కావాలనే అతను పైడిని తెచ్చాడు.

మాంత్రికుల ప్రాణాలు చిలకల్లో ఉంటాయని కథల్లో విన్న మణిసేనుడు ఆలస్యం చేయలేదు. పంజరం తెరిచి చిలక మెడ పట్టుకున్నాడు. పైడి అతని మణికట్టు పట్టుకుంది.

"వద్దు దొరా. ఇది నా చేతి ముద్ద తింది."

"దీన్ని వదిలితే అక్కడ నీ ఊరు చస్తుంది, పైడీ."

"తెలుసు. చేతిముద్ద తిన్నదాన్ని చంపించి తెచ్చిన అన్నం వాళ్లకెలా పెట్టను?"

మణిసేనుడికి గౌరవ్వ మొహం కళ్లముందు మెదిలింది. అయినా వేళ్లు వదులుచేశాడు. అప్పుడు చిలక మెడ సవరించుకుని, నువ్వేం తొందరపడనక్కర్లేదు, నేనూ తినడం మానేశాను అంది. పైడి ఎందుకు పస్తుంటోందో అడిగి తెలుసుకున్నాక దానికీ మేత సయించలేదట.

అంతలో కాలదంష్ట్రుడే వచ్చాడు. గోడ పట్టుకుని, అడుగు తీసి అడుగు వేయలేక వచ్చాడు. పాపం, చిలక ఎందుకు తినడం మానేసిందో అతనికి తెలియదు. జామపండు చిలక ముందు పెట్టాడు. దానిమ్మగింజలు పెట్టాడు. పాలల్లో నానిన పప్పు పెట్టాడు. చిలక మొహం తిప్పుకుంది.

"తినకపోతే నీ మెడ విరిచేస్తా" అన్నాడు.

"విరుచుకో. నీ మెడే కదా" అంది చిలక.

ఏడో ఇంటి పొగ లేస్తే తింటానంది. కాలదంష్ట్రుడు కిందకి కూలబడ్డాడు. మంత్రాలతో కొండల్ని పిండి చేసినవాడు, ఒక పూరింటి పొగ కోసం చేతులు జోడించాడు. డేగ వీపుమీద ముగ్గురూ, పైడి భుజమ్మీద చిలకా ఏడు సముద్రాలూ తిరిగి దాటారు.

పైడి పరుగున వెళ్లి పొయ్యి రాజేసింది. ఏడో పొగ లేచింది. గడపల్లో కూచున్నవాళ్లు దాన్ని చూస్తూ ఏడ్చారు. మొదటి గంజి చుక్క గౌరవ్వ నోట్లో పోశారు. ఆమె గుటక వేసేదాకా ఊరంతా ఊపిరి బిగబట్టింది. వేసింది. అప్పుడు చిలకకి ముద్ద పెట్టారు, మాంత్రికుడి మొహానికి రంగొచ్చింది.

మణిసేనుడు పైడిని పెళ్లాడతానన్నాడు. పైడి నా పొయ్యి ఎవరికి అప్పగించను అంది. చిలక నేనీ ఊరు వదలనంది, చిలకని వదిలి కాలదంష్ట్రుడూ పోలేడు. పొయ్యి అతనికే అప్పగించారు.

మొదటి పొద్దు అతనికి నిప్పు రాజేయడం చేతకాలేదు. ఊది ఊది, కళ్లు మండి, మొహమంతా బూడిదై, కోపంతో బయటికొచ్చాడు. ఆరిళ్లవాళ్లూ కంచాల ముందు చేతులు కట్టుకుని కూచుని ఉన్నారు. ఏం చూస్తున్నారని అడిగాడు. నీకోసమే బాబూ, నీ పొగ లేవాలిగా అన్నారు. తనకోసం ఒక్క మనిషైనా ఆగడం కాలదంష్ట్రుడు పుట్టాక అదే మొదలు. లోపలికి వెళ్లి మళ్లీ ఊదాడు.

పెళ్లి వైభోగంగా జరిగింది. కాలక్రమాన మణిసేనుడు రాజయ్యాడు, పైడి రాణి అయింది. ఇద్దరూ చాలాకాలం ఏలారు. రోజూ పొద్దున్నే కోటబురుజెక్కి రాజ్యం నలుమూలలా చూసేవారు. పొగ లేవని ఇల్లు ఒక్కటి కనబడినా గుర్రం పరిగెత్తేది. అది తిరిగి వచ్చేదాకా వంటవాళ్లు వడ్డించేవాళ్లు కాదు. అందుకే ఆ రాజుగారు, అంత పెద్ద రాజ్యం ఏలి కూడా, వేడన్నం తిన్న రోజులు బహు తక్కువ.