ఏడు గుమ్మాలు దాటిన గారెలు

మల్లెలగిరి రాజు కోనేటిభూపతికి ఒకనాడు గారెల మీద కోపం వచ్చింది.

కోట బయట బజారులో గంగులమ్మ వేసే గారెలంటే ఆయనకు ప్రాణం. రోజూ సాయంత్రం కొలువు వేళకు ఒక తట్టెడు తెప్పించుకునేవాడు. అవి రోజూ చల్లారి, తోలులా సాగుతూ వచ్చేవి. ఆ రోజు ఒకదాన్ని కొరికి, లాగి, అది ఎంతకీ తెగకపోయేసరికి విసిరికొట్టాడు.

"వేడి గారెకు కూడా నోచుకోని రాజునా నేను? ఎవరిది ఈ తప్పు?"

కోట కాపలా పెద్ద భైరవనాయకుడు మీసం దువ్వుకుంటూ లేచాడు. కోటకున్న ఏడు గుమ్మాలూ అతని చేతికింద ఉన్నవే.

"ఇంకెవరిది ప్రభూ? ఆ ముసలిదానిదే. పొద్దుటివి అంటగడుతోంది. కొట్టు ఎత్తించేద్దాం."

రాజు గంగులమ్మను పిలిపించాడు. చేతులకంటిన పిండితోనే వచ్చి నిలబడిందామె.

"మహారాజా, మూకుట్లోంచి తీసి తట్టలో పెట్టేదాకా నా పూచీ. ఆ తర్వాత మీ గుమ్మాల దయ. పొమ్మంటే పోతాను గానీ, పాచి గారె అమ్మానంటే మాత్రం ఒప్పుకోను" అంది.

రాజు మెత్తబడలేదు. "రేపు కూడా ఇంతే అయితే నీ కొట్టు ఉండదు" అన్నాడు.

సభలో వల్లభయ్య అని ఒకడున్నాడు. రాజుకు విసుగు పుట్టినప్పుడు నవ్వించడం, తప్పు చేయబోయినప్పుడు ఆపడం అతని కొలువు. గంగులమ్మ మొహం చూసి అతని మనసు చివుక్కుమంది.

"నాయకుడుగారూ, మొదటి గుమ్మం దగ్గర మీవాళ్లు ఏం అడుగుతారు?"

"నువ్వెవరు, ఎక్కణ్ణుంచి, తట్టలో ఏముంది, ఎవరికోసం, తెమ్మన్నదెవరు... అన్నీ!"

"రెండో గుమ్మం దగ్గర?"

"అవే."

"మూడో దగ్గర?"

"అవేనయ్యా! ఏడు చోట్లా అవే. ఏడింతల భద్రత!"

రాజుకు విషయం కాస్త అర్థమైంది. "గారెల తట్టను ఇకమీద ఎవరూ ఆపకూడదు. వెళ్లి చెప్పు" అన్నాడు.

భైరవనాయకుడు స్వయంగా బయల్దేరి గుమ్మం గుమ్మానికీ చెప్పుకుంటూ వెళ్లాడు. దారిలో మావటివాడు కనబడితే ఏనుగు జబ్బు గురించి మాటల్లో పడి, ఐదో గుమ్మాన్ని దాటేశాడు.

మర్నాడు తట్ట ఎక్కడా ఆగకుండా వచ్చింది, ఒక్క ఐదో గుమ్మం దగ్గర తప్ప. "మాకెవరూ చెప్పలేదే!" అన్నాడు అక్కడి కాపలావాడు. నాయకుణ్ణి వెతికి పట్టుకొచ్చేలోపు గారెలు రాళ్లయిపోయాయి.

"పొరపాటు జరిగింది ప్రభూ" అన్నాడు భైరవనాయకుడు. "గుమ్మానికొక గుర్తుచేసేవాణ్ణి పెడదాం. వాడు మరిచిపోకుండా వాడిమీద ఇంకొకణ్ణి..."

"చాలు!" అన్నాడు రాజు. "ఇన్ని తంటాలెందుకు? గుమ్మాలు ఎప్పటిలాగే ఉండనీ. ఆ గారెల కొట్టే లేకుండా చేస్తే పోతుంది."

వల్లభయ్య చటుక్కున లేచాడు. "ఒక్క రోజు గడువివ్వండి ప్రభూ. రేపు గారెలు నేనే తెస్తాను."

మర్నాడు సాయంత్రం వల్లభయ్య తట్ట తెచ్చి రాజు ముందు పెట్టాడు. రాజు ఒక గారె ముట్టుకున్నాడు. మంచులా ఉంది.

భైరవనాయకుడు పకపకా నవ్వాడు. "ఏమయ్యా, నీ తెలివి కూడా చల్లారిపోయిందా?"

"మీవాళ్లు గట్టివాళ్లండీ. ఏడుగురూ ఆపారు. ఏడుగురూ తట్టలో ఏముందని అడిగారు. ఏడుసార్లూ గారెలని చెప్పాను."

"అదీ కాపలా అంటే! దోమ కూడా దూరలేదు."

వల్లభయ్య గారెల కింది విస్తరాకు పైకెత్తాడు. అడుగున ఒక బాకు తళతళలాడింది.

సభ ఉలిక్కిపడింది. కొలువులోకి ఆయుధం తెస్తే తల తీయించడం ఆ కోట శాసనం.

"ద్రోహం! తల తీయించండి ప్రభూ!" అని అరిచాడు భైరవనాయకుడు. అంతలోనే ఆ పిడిని గుర్తుపట్టి నోరు తెరిచేశాడు. "ఇది... నా బాకే!"

"తమదే. పొద్దున సానపట్టడానికి పంపారుగా. ఎలాగూ ఇటే వస్తున్నానని సానవాడి దగ్గర అడిగి తెచ్చాను. తీసుకోండి."

రాజు సింహాసనం అంచుకు జరిగాడు. "ఏడుగురు కాపలావాళ్ల ముందునుంచి ఎలా తెచ్చావు?"

వల్లభయ్య చేతులు జోడించాడు.

"మొదటివాడు తర్వాతివాడు చూస్తాడులే అనుకున్నాడు. చివరివాడు ముందువాడు చూసే ఉంటాడనుకున్నాడు. అడిగినవాళ్లు ఏడుగురు ప్రభూ, చూసినవాడు ఒక్కడూ లేడు!"

భైరవనాయకుడు బాకు ఎక్కడ దాచుకోవాలో తెలియక అటూ ఇటూ చూశాడు.

"మరేం చేయమంటావు?" అన్నాడు రాజు.

"మొదటి గుమ్మం దగ్గర ఒక్కడే అడగాలి, ఆకు ఎత్తి మరీ చూడాలి. చూశాక వచ్చినవాళ్ల చేతిమీద ముద్ర వేయాలి. మిగతావాళ్లు ఆ ముద్ర చూసి దారివ్వాలి. రేపు మీ ఆజ్ఞ మారినా ఏడుచోట్లకూ తిరగక్కర్లేదు, ఆ ఒక్కడికి చెబితే చాలు."

"రేపటిదాకా ఎందుకు? ఇప్పుడే!" అన్నాడు రాజు.

కబురు ఒక్క గుమ్మానికే వెళ్లింది. కాసేపటికి గంగులమ్మే స్వయంగా తట్టతో వచ్చింది, చేతిమీద ముద్ర ఇంకా తడిగానే ఉంది. గారెలమీద నూనె చిటపటలాడుతోంది. రాజు ఆగలేక ఒకటి అందుకుని నోట్లో వేసుకున్నాడు.

కళ్లనిండా నీళ్లు తిరిగాయి. "హా... హూ..." తప్ప మాట రాలేదు.

"అయ్యో, ఊదుకుని తినాలి మహారాజా!" అంది గంగులమ్మ.

సభంతా ఘొల్లుమంది. భైరవనాయకుడికి కూడా నవ్వాగలేదు. నాలుక కాలి మాట పెగలని రాజు, భుజంమీది పట్టుశాలువా తీసి గంగులమ్మకు కప్పాడు. మెళ్లోని ముత్యాల హారం వల్లభయ్య మెళ్లో వేసి, రెండో గారె అందుకుని, ఈసారి బుద్ధిగా ఊదుకోసాగాడు.