ఇరవై పూతల తాండ్ర

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో నూకాలు అని ఒక కోడలు. ఊ కొట్టండర్రా, కొట్టకపోతే నేను పడుకుంటాను. బుజ్జీ, నువ్వు ముందు ఆ మూతి సరిచెయ్యి. పొద్దున్న కొట్లో ఆ ఖరీదైన బూట్లు కొనలేదని ఇంకా అలకేనా? వాటి సంగతీ ఈ కథలోనే ఉంది, విను.

నూకాలు మామిడి తాండ్ర చేసి అమ్మేది. అత్తగారు పోతూ పోతూ ఇచ్చిన ఆస్తల్లా ఒక ఈతాకు చాప. దానికీ నడిమధ్యన చిరుగు. నూకాలు ఆ చిరుగు మీద రెండు ఆకులు కత్తెరలా అడ్డంగా వేసి కుట్టుకుంది. ఆ చాప మీదే తాండ్ర, ఆ తాండ్ర మీదే ఇద్దరు పిల్లల బువ్వ.

తాండ్ర అంటే ఊరికే వస్తుందా? రసం తియ్యాలి, వడగట్టాలి, పల్చగా పుయ్యాలి, ఎండబెట్టాలి. మర్నాడు మళ్ళీ రసం తియ్యాలి, వడగట్టాలి, పుయ్యాలి, ఎండబెట్టాలి. అలా ఇరవై రోజులు, ఇరవై పూతలు. మబ్బు పట్టిందా, ఆ రోజు పోయినట్టే. వింటున్నారా?

అదే ఊళ్ళో సోమన్న ఉన్నాడు. వాడు రసంలో బెల్లప్పాకం, బియ్యప్పిండి కలిపి ఒక్కసారే పోసేసేవాడు. మూడో రోజుకి సంతలో ఉండేది. సోమన్న తాండ్ర ముక్క ఒక కాసు. నూకాలు తాండ్ర ముక్క నాలుగు కాసులు. ఇక కోట గుమ్మం ముందు దండపాణి కొట్టు. వాడు వెండి రేకు పెట్టెలో పెట్టి, ఇది రాజుగారు తినే తాండ్ర అని చెప్పి పదహారు కాసులకి అమ్మేవాడు. దాన్ని మాత్రం ఇంతెందుకని ఎవరూ అడగరు. అడిగేదల్లా పాపం నూకాలునే.

అడిగి ఊరుకున్నారా, రాజుగారికి చెప్పేశారు. ఆయన సోమన్న ముక్కా, నూకాలు ముక్కా తెప్పించి పక్కపక్కన పెట్టుకున్నాడు. ఆ పూట భోజనం బరువుగా పడిందిట, కొరికైనా చూడలేదు. ఇదీ పసుపే, అదీ పసుపే అన్నాడు. నూకాలు కూడా ఒక్క కాసుకే అమ్మాలి, కాదంటే ఆ చాప తెచ్చి కోటలో అప్పజెప్పాలి అని తీర్పు చెప్పేశాడు.

నూకాలు ఏం చేస్తుంది పాపం? ఒక్క కాసుకి అమ్మితే పళ్ళ ఖర్చు కూడా రాదు. పోనీ పిండి కలుపుదామంటే అత్తగారు గుర్తొచ్చి చెయ్యి రాదు. భయపడుతూనే సభకి వెళ్ళి ఒక్క మాట అంది.

“ఒక్క తాండ్ర మీ చేత్తో చెయ్యండి బాబూ. ఆ తర్వాత మీరు ఎంతంటే అంతకే అమ్ముకుంటాను.”

ఇంతేనా అని నవ్వాడు రాజు. కిరీటం తీసి పక్కన పెట్టి, తలకి తువ్వాలు చుట్టుకుని మర్నాడే నూకాలు పెరట్లో వాలాడు. రసం తీశాడు, వడగట్టాడు, పూశాడు, ఎండబెట్టాడు. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. నాలుగో రోజుకి మహారాజుకి విసుగొచ్చింది. నూకాలు నీళ్ళకి వెళ్ళింది చూసి, ఒకదాని మీద ఒకటి ఐదు పూతలు పోసేశాడు. దొంగపని, పైగా రాజు! నూకాలు చూసింది, చూసి బిందె దించుకుని తన పనిలో పడింది. రెండు రోజులాగి కోస్తే, పైన ఎండింది గాని లోపలంతా పులిసి కంపు. ఆయనే తీసుకెళ్ళి పారబోసి, ఆయనే మళ్ళీ మొదటి పూతతో మొదలుపెట్టాడు.

మధ్యలో మూడు రోజులు మబ్బు. మిగతా రోజుల ఎండకి రాజు మెడంతా కమిలింది. మొత్తానికి ఇరవై పూతలూ అయ్యాయి. తాండ్ర చాప మీంచి ఒలిచి తిరగేసి చూస్తే, అడుగున కత్తెర గుర్తు! రాజు ఉలిక్కిపడ్డాడు. రోజూ దండపాణి కోటకి పంపే వెండి పెట్టెలో తాండ్ర మీద చూసే గుర్తే అది. ఇదెక్కడిదని అడిగాడు.

నూకాలు చాపకున్న అతుకు చూపించింది. “దండపాణిగారు నా దగ్గరే కొంటారు బాబూ. నాలుగు కాసులు తాండ్రకి. మిగతా పన్నెండూ పెట్టెకీ, మీ పేరుకీ.”

రాజు ఆ అతుకుని వేలితో తడిమి చూసి, ఇంతకీ నీ తాండ్రకి ధర చెప్పాలిగా అన్నాడు. ముందు మీరు చేసినదాని ధర చెప్పండి, అదే నాకూ ఖాయం చేసుకుంటాను అంది నూకాలు. రాజు ఆ తాండ్రని రెండు చేతులా పట్టుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

“దీన్ని నేను అమ్మను నూకాలూ.”

ఆ మాటతో తీర్పు తిరగబడింది. నూకాలు నాలుగు కాసులూ నూకాలువే, చాపా నూకాలుదే. సోమన్న ఒక్క కాసుకే అమ్ముకోవచ్చు, కాకపోతే పిండి కలిపానని చెప్పాలి. దండపాణి పెట్టె ధర వేరే, తాండ్ర ధర వేరే చెప్పాలి, రాజు పేరెత్తకూడదు. పెళ్ళి సారెకి పెట్టె కావలసినవాళ్ళు తెలిసే కొనుక్కున్నారు, అందులో తప్పేముంది? అందరూ సుఖంగా ఉన్నారు.

బుజ్జీ, రేపు మనిద్దరం కొట్టుకెళ్దాం. ఆ బూట్లు తిరగేసి కుట్టు చూద్దాం, అడుగు వంచి చూద్దాం. పనితనముంటే మీ తాతయ్యని నేనే అడుగుతాను. ఖరీదంతా పేరుకే అయితే, ఆ పేరు నీ పాత బూట్ల మీద సుద్దముక్కతో నేనే రాసిపెడతాను. నవ్వావా? అమ్మయ్య.

కథ కంచికి బయల్దేరింది, మీరు దుప్పట్లోకి బయల్దేరండి.