రాజీకిచ్చిన మీసం

ఒకానొక రాజ్యంలో మీసానికున్న మర్యాద మనిషికి లేదు. అంగడిలో కొలత తగ్గిందని ఎవరిమీదైనా ఫిర్యాదు వస్తే అతను విచారణకైనా నిలబడాలి, రాజీకైనా రావాలి. రాజీ అంటే నిండు సభలో మీసం తీయించుకోవడమే. తప్పు ఒప్పుకోనక్కర్లేదు. రాజముద్ర పడుతుంది, ఫిర్యాదు అక్కడితో సరి.

గానుగ అప్పన్న అలాగే మీసమిచ్చి తన నూనె కొట్టు నిలుపుకున్నాడు. కొన్నాళ్లకు గజకేసరి మహారాజు ఊరేగింపు అతని వీధిలోంచి వెళ్లింది. అప్పన్న వినయంగా దండం పెట్టాడు. పాపం, అప్పటికే అతని మీసం మళ్లీ పెరిగింది. పెరిగితే పెరిగింది, రాజుగారి మీసంకన్నా ఒత్తుగా పెరిగింది!

మర్నాడే అతన్ని సభకు ఈడ్చుకొచ్చారు.

"మింగ మెతుకు లేదుగానీ మీసాలకు సంపెంగ నూనె! మీసం తిరిగొచ్చాక ఇక శిక్షేముంది? రాజీ రద్దు. విచారణ ముగిసేదాకా కొట్టుకు తాళం, నీకు చెరసాల!" అన్నాడు రాజు.

"మహాప్రభో, కొట్టు మూస్తే నా పిల్లలు పస్తులుంటారు. ఆ భయంతోనే కదా మీసమిచ్చుకున్నాను!" అని అప్పన్న భోరుమన్నాడు.

రాజీ కోసం వచ్చి కూర్చున్న వర్తకులు రాజీ రద్దన్న మాట వినగానే ఎవరి మీసం వాళ్లు పట్టుకుని మెల్లగా గుమ్మంవైపు జరిగారు. అది చూసి విదూషకుడు కొండుభట్టు లేచాడు.

"చిత్తం, రద్దు చేయవలసిందే ప్రభూ! అయితే బేరం చెడితే ఎవరిది వారికి చేరాలి కదా. ఆనాడు పుచ్చుకున్న మీసం అప్పన్నకు ఇప్పించండి."

"వాడి మూతిమీదే ఉంది కదయ్యా!"

"అది వాడు తన తిండి తిని పెంచుకున్నది. సభవారు పుచ్చుకున్నది వేరు."

"దాన్నెప్పుడో ఊడ్చి పారేశారు!"

"అయ్యయ్యో! అయితే అంతటి మీసమే మరొకటి ఇచ్చుకోవాలి." కొండుభట్టు సభంతా కలయజూశాడు. మంత్రిగారిది పిల్లిమీసం, సేనాపతిది సన్నని గీత. చివరికి అతని చూపు సింహాసనం దగ్గర ఆగింది. "ఏలినవారిది సరిగ్గా సరిపోతుంది. ఏమయ్యా క్షురకుడా, కత్తి నూరు!"

రాజుగారి రెండు చేతులూ చటుక్కున మూతిమీదికి వెళ్లాయి. అంతలో ఆ చేతుల చాటునుంచే పకపకమని నవ్వు వినిపించింది.

"పుచ్చుకున్నది తిరిగి ఇవ్వలేనివాణ్ణి, ఇచ్చిన మాట మాత్రం ఎలా తిరిగి తీసుకుంటాను? పో అప్పన్నా, కొట్టు తెరుచుకో!" అని రాజు తన చేతి కంకణం తీసి కొండుభట్టుకు తొడిగాడు. ఆ ఊపులోనే ఇంకో శాసనం కూడా చేశాడు. ఇకమీదట రాజీ రద్దు చేయమని అడిగేవాడు ముందుగా క్షురకుడి ఎదుట కూర్చోవాలి.

ఆ రాజ్యంలో మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.