నక్క మూతికి చిక్కం

విత్తాక ఒక్క మంచి వాన పడింది. ఆ తర్వాత మబ్బు మొహం చాటేసింది. చేలో జొన్న మోకాలెత్తు కూడా పెరక్కుండా గిడసబారిపోయింది. చూడ్డానికి పచ్చగా, నోరూరేలా ఉంటుంది కానీ, అలా వాన లేక గిడసబారిన లేతజొన్న పశువుకు విషం. రైతులు దాన్ని నాము అంటారు. ఆవైనా మేకైనా కాస్త మేసిందంటే కాళ్లు కొట్టుకుని పడిపోతుంది.

ఈ సంగతి రైతు ఓబన్నకు తెలుసు. అతని కోడెదూడ చుక్కడికి తెలియదు. నక్కకు మాత్రం బాగా తెలుసు. నిరుడు ఇలాగే నాము మేసి చచ్చిన మేకను వంకలో పారేశారు. ఆ విందు రుచి దాని నాలుక మీద ఇంకా ఉంది.

ఆ రోజు ఓబన్న చుక్కడిని గట్టు మీద గూటానికి కట్టి, మూతికి చిక్కం తొడిగాడు. చిక్కమంటే నారతో అల్లిన చిన్న వలబుట్ట. అది ఉంటే పశువు మేయలేదు. తర్వాత అతను అవతల వేపచెట్టు కిందికి వెళ్లి కూర్చున్నాడు. అతను అటు వెళ్లగానే నక్క పొదలోంచి తల బయటపెట్టింది.

"ఏం అల్లుడూ, మూతికి ఆ బుట్టేంటి? కోడిపిల్లల్ని మూసినట్టు మూశారే!"

"మా అయ్య కట్టాడు మామా."

"ఎందుకూ?"

"తెలీదు."

నక్కకు నవ్వొచ్చింది. ఎందుకో కూడా తెలియనివాణ్ణి ఒప్పించడానికి ఎంతసేపు పడుతుంది?

"నే చెప్తా విను. నువ్వు మేస్తే తనకు గింజ తగ్గుతుందని! వట్టి పిసినారిరా మీ అయ్య."

"పొద్దున నాకు కుడితి పెట్టి, గొంతు కింద గోకాడే. పిసినారులు గోకుతారా?"

"గోకడానికి ఖర్చేముందిరా?"

చుక్కడు కాసేపు ఆలోచించాడు. "అవును, ఖర్చేం లేదు" అని ఒప్పుకున్నాడు. "అయినా ఎంత బాగుంటుందో! నిన్నెవరూ గోకలేదా మామా?"

నక్కకు ఆ ప్రశ్న నచ్చలేదు. దానికి పళ్లు గట్టిపడగానే వాళ్ల నాన్న బొరియలోంచి బయటికి నెట్టి, "ఇక నీ తిండి నువ్వు చూసుకో" అన్నాడు. అప్పట్నుంచి చూసుకుంటూనే ఉంది.

"నా సంగతి వదిలెయ్. నీకు ఆకలిగా లేదూ?"

"ఉంది. కడుపులో గుర్రుమంటోంది."

"ఎదురుగా పచ్చటి జొన్న ఉంది కదా?"

"ఉంది."

"మరి?"

"అయ్య వద్దన్నాడుగా."

గోడకు తల కొట్టుకుందామంటే చేలో గోడ కూడా లేదు. నక్క గొంతు మార్చింది.

"సరే, పందెం వేసుకుందాం. నువ్వు పిలువు. మీ అయ్య వచ్చాడా, నా దారిన నేను పోతా. రాలేదా, ఆ చిక్కం కొరికేస్తా, నువ్వు కడుపునిండా మెయ్. అడుగో, మూట విప్పుకుంటున్నాడు. సద్ది ముందు కూర్చున్నవాడు దూడ అరిచిందని లేస్తాడా?"

చుక్కడు మెడ చాచి "అంబా" అన్నాడు. ఓబన్న తల తిప్పి ఒక్కసారి చూశాడు. లేచాడు. కానీ ఇటు రాలేదు. అటు తిరిగి, గట్టు వెనక్కి వెళ్లి కనపడకుండా పోయాడు.

నక్క సంబరం చూడాలి! "చూశావా? లేచి మరీ వెళ్లిపోయాడు!"

చుక్కడి కళ్లలో నీళ్లు తిరిగాయి. "వస్తాడు" అన్నాడు సన్నగా.

"అటు పోయినవాడు ఇటెలా వస్తాడురా, వెర్రి నాగన్నా?"

"అది నాకు తెలీదు. అయ్యకు తెలుసు."

ఇక మాటలతో లాభం లేదనుకుని నక్క చిక్కం నార పట్టి కొరకసాగింది. నార గట్టిది. పళ్లు వలలో ఇరుక్కున్నా వదల్లేదు. ముడి ఫట్‌మని తెగింది. సరిగ్గా అప్పుడే వెనక నుంచి చర్నాకోల ఛెళ్లుమంది!

దూడ అరిచినప్పుడు పొదలో నక్క తోక కనపడగానే ఓబన్నకు విషయం అర్థమైంది. ఎదురుగా వస్తే దొంగ జారుకుంటుందని గట్టు చుట్టి వచ్చాడు. నక్క అదిరిపడి ఎగిరింది. ఆ ఊపుకు చిక్కం చుక్కడి మూతి నుంచి ఊడి దాని మూతికే తగులుకుంది. కాళ్లతో పీక్కునే కొద్దీ బిగుసుకుంటుంటే అలాగే పరుగు తీసింది.

ఇప్పుడు చుక్కడి నోటికి అడ్డేమీ లేదు. జొన్నాకు ముక్కుకు తగులుతోంది. ఒక్కసారి వాసన చూశాడు. అంతలోనే తల తిప్పి అయ్య చంకలో మూతి దూర్చాడు.

"ఓరి నా తండ్రీ!" ఓబన్న దూడ నోరు తెరిచి చూశాడు. పచ్చాకు ముక్క కూడా లేదు. అప్పుడు గానీ అతనికి ఊపిరి ఆడలేదు. దూడను చెట్టు కిందికి తీసుకెళ్లి మూట ముందు నిలబెట్టాడు. అందులో సద్ది లేదు, పశువులు ఇష్టంగా మేసే ఎండు వేరుశనగ కట్టె ఉంది. "నీకోసమేరా. మన్ను దులుపుతుంటే అరిచావు."

వంక దగ్గర కాకి నక్కను చూసి పకపకా నవ్వింది. "మామా, మూతికి ఆ బుట్టేంటి? ఎవరు కట్టారు?"

నక్క "ఊఁ, ఊఁ" అంది. నోరు తెరిచే వీలున్నా, "మా అయ్య కట్టాడు" అనడానికి దానికెవరూ లేరు. చుక్కడికైతే చెప్పుకోవడానికి ఒక అయ్య ఉన్నాడు.

నీతి: ఎందుకు కట్టాడో తెలియకపోయినా కట్టింది నాన్నేనని తెలిస్తే చాలు, దేవుడి మీద పసిపిల్లల నమ్మకం అలాంటిదే.