గబ్బిలాలను తలకిందులు చేసిన వాన

ఒకప్పుడు గబ్బిలాలు మనలాగే తల పైకి, కాళ్ళు కిందికి పెట్టుకుని గుహలో నేలమీద కూర్చునేవి. మనలాగే పోట్లాడుకునేవి కూడా.

ఎర్రకొండ గుహలో నాలుగు జాతులుండేవి. గుమ్మం దగ్గర మొదటి చోటు ఎవరిదని వాటికి రోజూ రభసే.

"ఇంతేసి చెవులున్నదాన్ని, నేను వెనక కూర్చోవాలా?" అనేది పెద్దచెవుల గబ్బిలం.

"రెండు చాటలు తగిలించుకుంటే పెద్దరికం వస్తుందా?" అనేది పొడుగుతోకది.

"పురుగులు తినే మీతో నాకు మాటలేమిటి?" అని పండ్లు తినేది ముఖం తిప్పుకునేది.

నాలుగోది, ముక్కుమీద ఆకులాంటి మడత ఉన్న చిట్టెమ్మకి మాత్రం ఈ రభసకి తీరికే ఉండేది కాదు. దానికి ఏడాదికి ఒక్కటే పిల్ల. ఆ ఏటి పిల్లకింకా ఎగరడం రాదు.

కొండ కింద వరి పండించే అప్పలనర్సుకి ఒకరోజు గొప్ప తెలివి పుట్టింది. "గబ్బిలాలు అపశకునం. అందుకే నా చేను ఎదగడం లేదు" అని రాళ్ళు, బంకమట్టి మోసుకెళ్ళి గుహ గుమ్మం మూసేశాడు. చేనుకి ఎరువు వెయ్యని సంగతి ఆయనకి గుర్తురాలేదు.

ఆ సాయంత్రమే పెద్ద వాన. కప్పు సందుల్లోంచి గుహలోకి నీళ్ళు దిగాయి. బయటికి పోయే దారి లేదు. చిట్టెమ్మ పిల్ల మెడదాకా మునిగింది.

చిట్టెమ్మ పిల్లను పొట్టకి హత్తుకుని గోడ పాకింది. కప్పుని కాలిగోళ్ళతో పట్టుకుని తలకిందులుగా వేలాడింది.

"ఛీ! కాళ్ళు పైకా? సిగ్గులేదటే?" అంది పెద్దచెవులది, నీళ్ళలో నిలబడి.

"సిగ్గుపడితే పిల్ల బతకదు వదినా. నీ ముక్కుదాకా వస్తున్నాయి, చూసుకో."

చూసుకుంది. మరుక్షణం అన్నీ కప్పుకే వేలాడుతున్నాయి.

అక్కడా తగువే మొదలైంది. కానీ ఒక్కోదానికి ఒక్కో చోటే నచ్చింది. లోపలి ఉక్క చిట్టెమ్మ ఒంటికే సరిపడింది, పొడుగుతోకది పొడి నెర్రెలోనే కుదురుకుంది. పండ్లు తినేది కప్పు సన్న సందుల్లోంచి వెలుతురు సోకే మూల వెతుక్కుంది. పెద్దచెవులది గుమ్మం దగ్గరే మిగిలింది. దాని చోటు ఇంకెవరికీ అక్కర్లేదని తెలిసి చాలా బాధపడింది.

మూడో రోజుకి అప్పలనర్సు చేను నిండా పురుగే. ఆయన భార్య పైడమ్మ ఆకులు చూసి, "అపశకునం పోయిందిగా. ఇక పురుగులకి హారతి పట్టు" అంది.

"మరి వాటిని తినేదెవరే?"

"నువ్వు గోడ కట్టి దాచావే, వాళ్ళు!"

అప్పలనర్సు పరుగెత్తి రాళ్ళు పీకాడు. నీళ్ళు బయటికి ఉరికాయి, వాటి వెనకే ఆకలితో గబ్బిలాలు. చిట్టెమ్మ పొట్టకి పిల్ల ఇంకా అతుక్కునే ఉంది.

నేల ఆరింది. అయినా మళ్ళీ కింద కూర్చోడానికి ఒక్కటీ ఒప్పుకోలేదు. అప్పటినుంచే గబ్బిలాలు తలకిందులుగా వేలాడుతున్నాయి, ఒకే గుహలో ఏ జాతి చోటు ఆ జాతిదిగా. ఆ కప్పు కింద నిలబడి, చోటుకోసం ఇంకా పోట్లాడుకుంటూ, వాటికి బుద్ధిలేదని నవ్వేది మాత్రం మనుషులే.